గోడలో దాగిన ఫ్లష్ ట్యాంకు, ఆగని సన్నటి ధార: అనంతపురం ఫ్లాటులో ఒక కేసు

అనంతపురంలో ఏడేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంటు. పై నుంచి రెండో అంతస్తులో ఫ్లాటు. బాత్‌రూంలో గోడకు వేలాడే కమోడ్, గోడలోపల దాచిన ఫ్లష్ ట్యాంకు. బయటికి కనిపించేది రెండు బటన్ల ప్లేటు ఒక్కటే. నీళ్లు బోరువి. మిద్దె మీద ఆ ఫ్లాటుకు విడిగా 1000 లీటర్ల ట్యాంకు ఉంది. ఆ ట్యాంకులో నీటి మట్టానికీ ఫ్లష్ ట్యాంకుకూ మధ్య ఎత్తు తేడా దాదాపు 5 మీటర్లు, అంటే అర బార్ ప్రెషర్. ప్రెషర్ పంపు లేదు.

ఇంటివాళ్లు చెప్పిన లక్షణాలు మూడు. రాత్రి పూట ఎవరూ బాత్‌రూంకు పోకపోయినా పాతిక నిమిషాలకొకసారి గోడలోంచి 'స్స్...' మని ముక్కాలు నిమిషం సేపు శబ్దం వస్తుంది. కమోడ్ లోపలి వెనక భాగంలో నిలువుగా తెల్లటి చార ఉంది, ఎంత రుద్దినా వారంలో మళ్లీ కడుతుంది. మిద్దె మీది ట్యాంకు మునుపు రెండు రోజులకు పైగా వచ్చేది, ఇప్పుడు రెండో రోజు సాయంత్రానికే మోటారు వేయాల్సి వస్తోంది.

అంతకు రెండు నెలల ముందే ఒకసారి రిపేరు జరిగింది. శబ్దం నీళ్లు నింపే వాల్వు దగ్గర్నుంచి వస్తోంది కాబట్టి ఆ వాల్వునే మార్చేశారు. పాత ప్లేటు పట్టీ విరిగిందని ప్లేటు కూడా కొత్తది పెట్టారు. వారం రోజులు బాగానే ఉన్నట్టు అనిపించింది, తర్వాత మామూలే. ఈసారి ఇంటివాళ్ల మొదటి ప్రశ్న: "గోడ పగలగొట్టాల్నా అన్నా?"

అక్కర్లేదు. గోడలోని ట్యాంకు నుంచి కమోడ్‌లోకి నీళ్లు కారుతుంటే ఆ పనంతా ప్లేటు వెనక ఉన్న కంతలోంచే అవుతుంది. పుస్తకమంత కంత అది, చెయ్యి మణికట్టు దాటి దూరుతుంది. లోపలి సామాన్లన్నీ ఆ కంతలోంచి బయటికి తీసేలాగే తయారుచేస్తారు. గోడ పగలగొట్టాల్సి వచ్చేది ట్యాంకు బయట, గోడలో కారినప్పుడే. దానికి గుర్తులు వేరు: కింది ఫ్లాటు సీలింగులో తేమ, కమోడ్ చుట్టూ టైల్స్ సందుల్లో నలుపు, అవతలి గది గోడ అడుగున రంగు పొక్కులు లేవడం. ఈ కేసులో అవేవీ లేవు. కింది ఫ్లాటులోకి వెళ్లి సీలింగు చేత్తో తడిమి చూసి, ఆ అనుమానాన్ని అక్కడితో వదిలేశారు.

లోపల ఏముంటుంది

పైన ఒక పక్కన చిన్న యాంగిల్ కాక్ (ట్యాంకుకు నీళ్లు ఆపే కుళాయి), దాన్నుంచి కనెక్షన్ పైపు, దాని చివర ఫిల్ వాల్వు, అంటే నీళ్లు నింపే వాల్వు. ఫ్లోటు పైకి లేస్తే ఈ వాల్వు మూసుకుంటుంది. మధ్యలో ఫ్లష్ వాల్వు: అడుగున రబ్బరు సీలు ఉన్న నిలువు గొట్టం. బటన్ నొక్కితే ఈ గొట్టం పైకి లేచి నీళ్లు కమోడ్‌లోకి దిగుతాయి, వదిలితే సీలు తిరిగి తన సీటు మీద, అంటే ట్యాంకు అడుగున అది ఆనే గుండ్రటి అంచు మీద, కూర్చుంటుంది. ఆ గొట్టం బోలుగా ఉంటుంది, పై అంచే ఓవర్‌ఫ్లో. ఫిల్ వాల్వు ఎప్పుడైనా మూసుకోకపోతే నీళ్లు ఆ అంచు దాటి కమోడ్‌లోకే పోతాయి, గదిలోకి పొర్లవు. బయటి ట్యాంకులో అయితే ఏదో ఒక మూల తడి కనిపించవచ్చు. ఇక్కడ ఈ రెండు వాల్వుల్లో ఏది చెడినా నీళ్లు చేరేది కమోడ్‌లోకే, అందుకే నెలల తరబడి ఎవరికీ తెలియదు. బటన్లకూ ఫ్లష్ వాల్వుకూ మధ్య రెండు ప్లాస్టిక్ రాడ్లు, వాటి కింద ఎత్తే మీటలు ఉంటాయి. ఈ రాడ్ల సంగతి తర్వాత వస్తుంది.

శబ్దం ఫిల్ వాల్వుదే, నిజం. కానీ అది తన పని తాను చేసుకుంటోంది: ఎక్కడో నీళ్లు కారి మట్టం తగ్గింది, వాల్వు తెరుచుకుని నింపింది. కుండకు చిల్లి పడితే నీళ్లు పోసేవాళ్లను మార్చినట్టయింది మొదటి రిపేరు. ఈ తప్పు చాలా చోట్ల జరుగుతుంది, ఎందుకంటే ఫిల్ వాల్వు చేతికి ముందు అందుతుంది, తీయడం తేలిక, కొత్తది మార్కెట్లో దొరుకుతుంది.

సామాను కొనే ముందు కొలత

ప్లేటు ముట్టుకోకముందు చేసిన పరీక్ష ఒకటే. ఫ్లష్ చేసి అరగంట ఆగి, కమోడ్ వెనక భాగాన్ని పొడిగుడ్డతో తుడిచి, అక్కడ న్యూస్‌పేపరు ముక్క అంటించారు. నిమిషంలోపే నిలువుగా తడి చార దిగింది. కమోడ్‌లోకి కారుతోందని ఖాయమైంది. ఎక్కడ్నుంచి అన్నది ఇంకా తేలలేదు.

తర్వాత ప్లేటు తీశారు. ఈ మోడల్లో ప్లేటు కింది అంచు పట్టుకుని పైకి నెట్టి ముందుకు లాగితే వస్తుంది. కొన్నిటికి అడుగున రెండు చిన్న స్క్రూలుంటాయి, చూడకుండా లాగితే పట్టీలు విరుగుతాయి. మొదటి రిపేరులో పాత ప్లేటు విరిగింది బహుశా అలాగే. ప్లేటు వెనక ఫ్రేము, దాని వెనక నీళ్లు చిందకుండా అడ్డుపెట్టే ప్లాస్టిక్ పలక. తీసే ప్రతి దశకూ ఫోన్లో ఫోటో ఉండాలి. కంత అంచు కింద పాతగుడ్డ పరిచి, కమోడ్ మూత వేసి పెట్టాలి. స్క్రూ ట్యాంకులో పడితే అయస్కాంతంతో తీద్దామనుకుంటారు, కానీ ఈ స్టెయిన్‌లెస్ స్క్రూల్లో చాలావాటిని అయస్కాంతం పట్టుకోదు. నీళ్లన్నీ దించి వేళ్లతో వెతకాలి.

మట్టం చూస్తే నీళ్లు ఓవర్‌ఫ్లో అంచుకు 20 మి.మీ కింద నిలిచి ఉన్నాయి. ఇక్కడికే ఫిల్ వాల్వు మీద నింద పోయింది. అది మూసుకోకపోతే మట్టం అంచు దాకా వచ్చి సన్నగా లోపలికి జారుతూ ఉండాలి.

ఇప్పుడు యాంగిల్ కాక్ మూసేయాలి. ఏడేళ్లు తిప్పని కాక్ బిగుసుకుపోయి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో మెల్లగా పావు మలుపు అటు, పావు మలుపు ఇటు తిప్పుతూ రావాలి. పళ్లు కొరుకుతూ ఒక్కసారి తిప్పితే కాక్ కాదు, దాని వెనక గోడలోని దారాల కీలు కదులుతుంది. అప్పుడు నిజంగానే గోడ పగలగొట్టాల్సి వస్తుంది. ఈ కేసులో కాక్ సగం వరకే తిరిగింది. బలవంతం చేయకుండా బాత్‌రూం మొత్తానికి గోడలో ఉన్న కన్సీల్డ్ కాక్ కట్టేశారు. పద్ధతి అదే.

నీటి మట్టం దగ్గర ట్యాంకు లోపలి గోడ మీద పెన్సిల్ గీత గీసి, గడియారం చూసి అరగంట వదిలేశారు. మట్టం 24 మి.మీ దిగింది. ట్యాంకు లోపలి వెడల్పు 45 సెం.మీ, ముందు నుంచి వెనక్కి 11 సెం.మీ. అంటే మట్టం ఒక సెంటీమీటరు దిగితే దాదాపు అర లీటరు పోయినట్టు. 2.4 సెం.మీకు దాదాపు 1.2 లీటర్లు. నిమిషానికి 40 మి.లీ, గంటకు 2.4 లీటర్లు, రోజుకు 57 లీటర్లకు పైగా. నెలకు 1700 లీటర్లు. మిద్దె మీది ట్యాంకు నెలకు ఒకటిన్నర సార్లకు పైగా ఊరికే మోరీలోకి పోతోందన్నమాట. కమోడ్ పింగాణీ మీద పరుచుకున్న 40 మి.లీ ధార కంటికి తడిలా కనిపిస్తుందే తప్ప ధారలా కనిపించదు.

పాతిక నిమిషాల శబ్దానికి లెక్క కూడా ఇక్కడే కుదిరింది. ఈ ఫిల్ వాల్వు మట్టం 2 సెం.మీ దిగితేగానీ తెరుచుకోదు. 2 సెం.మీ అంటే ఒక లీటరు. నిమిషానికి 40 మి.లీ చొప్పున లీటరు పోవడానికి 25 నిమిషాలు. ఇంటివాళ్లు చెప్పిన లక్షణానికీ స్కేలు మీద కొలతకూ పొంతన కుదిరిందంటే వెతుకుతున్న లీకు ఇదేనన్న ధైర్యం వస్తుంది. లెక్క తేడా వస్తే రెండో లీకు కోసం చూడాలి.

అరగంటతో ఆపకుండా ఇంకో రెండు గంటలు వదలడం మంచిది. మట్టం ఎక్కడ ఆగుతుందో అక్కడే చిల్లు ఉంటుంది. ఓవర్‌ఫ్లో గొట్టానికి పగులుంటే మట్టం ఆ పగులు ఎత్తు దాకా దిగి ఆగిపోతుంది. ఇక్కడ మాత్రం ఆగకుండా దిగుతూనే పోయింది, కాకపోతే పోనుపోను నెమ్మదిగా. పైన నీటి బరువు తగ్గే కొద్దీ ధార సన్నబడుతుంది. అంటే కారేది అడుగునుంచే.

అడుగున దారులు రెండు. సీలుకూ సీటుకూ మధ్య ఒకటి. ఫ్లష్ వాల్వు బుట్ట (గొట్టాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ తొడుగు) ట్యాంకు అడుగున కూర్చునే చోట ఉన్న రింగు దగ్గర రెండోది. తేల్చడానికి పెద్ద పనిముట్టేమీ అక్కర్లేదు. ఒకరు వేలితో ఫ్లష్ గొట్టాన్ని కిందికి గట్టిగా అదిమి పట్టుకోవాలి, ఇంకొకరు కమోడ్‌లో పొడి కాగితం పెట్టి చూడాలి. అదిమినప్పుడు కాగితం పొడిగా ఉంటే సీలు, అప్పటికీ తడిస్తే అడుగు రింగు. ఇక్కడ అదిమి పట్టిన నిమిషంలోపే తడి ఆగింది. వేలు తీస్తే మళ్లీ మొదలు. సీలే.

సీలు చేతిలోకి వచ్చాక

ఫ్లష్ వాల్వు తీయాలంటే ముందు ఫిల్ వాల్వును కనెక్షన్ పైపుతో సహా పక్కకు తప్పించాలి, ఆ తర్వాత ఎత్తే మీటల బ్రాకెట్టు తీయాలి. ఆపైన బుట్ట రెండు పక్కల క్లిప్పులు నొక్కి పైకి లాగాలి. కొన్ని మోడళ్లలో పావు మలుపు తిప్పి తీయాలి. పొడుగ్గా ఉండే గొట్టం కంతలోంచి నేరుగా రాదు, పై ముక్క విడదీసి ఏటవాలుగా తీయాలి. ఒక్కసారిగా గుంజితే విరిగేది ఆ పై ముక్కే.

సీలు నల్ల రబ్బరు బిళ్ల. బయటి వ్యాసం 63 మి.మీ, నడిమి కంత 32 మి.మీ. వేలికి అంటుకునేంత మెత్తగా ఉండాల్సింది పాత చెప్పు అడుగులా గట్టిపడింది. సీటు ఒత్తుకున్న చోట గుండ్రంగా గాడి పడింది. గాడిలో ఒక పక్క బియ్యపు గింజంత మేర తెల్లగా ఉప్పు కట్టింది. గోరుతో తాకితే ఇసుక కాగితంలా గరగరలాడింది. కమోడ్ మీది తెల్లచారా ఇదీ ఒకటే.

ఈ ఉప్పు ఎక్కడ్నుంచి వచ్చిందన్నది తెలిస్తేనే రిపేరు ఎంతకాలం నిలుస్తుందో చెప్పగలం. బోరు నీళ్లలో కాల్షియం కరిగి ఉంటుంది. భూమిలోపల ఆ నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కూడా కలిసి ఉంటుంది, అదే కాల్షియాన్ని కరిగి ఉండేలా పట్టి ఉంచుతుంది. నీళ్లు బయటికొచ్చి గాలి తగిలితే ఆ వాయువు తప్పించుకుంటుంది, కాల్షియం కార్బొనేటుగా విడిపోయి గట్టిపడుతుంది. నీళ్లు వేడెక్కినా అంతే: మామూలు ఉప్పు వేడినీళ్లలో ఎక్కువ కరిగితే, ఇది తక్కువ కరుగుతుంది. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మిద్దె మీది నల్ల ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. సన్నటి లీకు దగ్గర నీళ్లు పలుచని పొరగా పారుతూ గాలి తగులుతూ ఉంటాయి కాబట్టి ఉప్పు అన్నిటికంటే ముందు అక్కడే కడుతుంది. కట్టిన ఉప్పు సీలును ఇంకాస్త ఎత్తుతుంది, లీకు ఇంకాస్త పెరుగుతుంది. మొదట రోజుకు చెంబెడు పోయిన నీళ్లు ఏడాది తిరిగేసరికి బిందెలు బిందెలు పోవడానికి కారణం ఇదే.

చేతి మీటరుతో చూస్తే ఈ ఇంటి బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 1100 దాకా చూపించింది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మి.గ్రా లోపు ఉండటం మేలు, వేరే నీళ్లు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. నీటి కాఠిన్యానికి ఆ అంకెలు 200, 600. ఒక మాట: టీడీఎస్ మీటరు కాఠిన్యాన్ని కొలవదు, కరిగిన అన్ని లవణాలనూ కలిపి చూపిస్తుంది. ఆ అంకె చూసి సాఫ్ట్‌నర్ కొనకూడదు, కాఠిన్యానికి విడిగా చుక్కల కిట్టు ఉంటుంది.

ఉప్పు వదిలించడం

సీలు ఎలాగూ మార్చాలి. సీటునూ బుట్టనూ మాత్రం శుభ్రం చేయాలి, లేకపోతే కొత్త సీలు పాత ఉప్పు మీద కూర్చుంటుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాములు కలిపి బుట్టను 40 నిమిషాలు నానబెట్టారు. మునగగానే బుడగలు లేస్తాయి, ఉప్పు కరిగే కొద్దీ తగ్గుతాయి, బుడగలు ఆగాయంటే పని అయినట్టు. మధ్యలో పాత టూత్‌బ్రష్షుతో ఒకసారి రుద్దాలి. నీళ్లు మరిగినవి అయితే ప్లాస్టిక్ వంకరపోతుంది. బ్లేడు, సాండ్‌పేపరు వాడితే సీటు మీద గీతలు పడి, ఆ గీతల్లోంచే రేపు కారుతుంది. అలా తొందరపడి మనుషులు చెడగొట్టిన సీట్లు, ఉప్పు చెడగొట్టిన వాటికంటే ఎక్కువ కనిపిస్తాయి.

టాయిలెట్ కడిగే యాసిడ్ ట్యాంకులో పోయడం అస్సలు వద్దు. ట్యాంకులో వేసే బ్లీచింగ్ బిళ్లలూ అంతే, రబ్బరును అవి పెళుసు చేస్తాయి.

ఇంకో జాగ్రత్త ఈ ప్రాంతానికే ప్రత్యేకం. బాత్‌రూం బయట నేల తాడిపత్రి బండలు. అవి సున్నపురాయి. నిమ్మ ఉప్పు నీళ్లు ట్యాంకులోని ఉప్పును ఎలా తింటాయో బండ నునుపునూ అలాగే తింటాయి, పడిన చోట మసక మచ్చ మిగులుతుంది, మళ్లీ పాలిష్ పెట్టిస్తే తప్ప పోదు. బకెట్టును బాత్‌రూంలోనే, టైల్స్ మీదే ఉంచి అక్కడే పారబోయాలి.

బుట్ట నానుతుండగా ట్యాంకు అడుగు స్పాంజితో తుడిచారు. టీస్పూనుడు ఎర్ర ఇసుక, కాస్త సిమెంటు పలుకులు వచ్చాయి, కట్టుబడి నాటివి. ఫిల్ వాల్వు మూతి దగ్గర ఉన్న జల్లెడ తీస్తే అదీ సగం పూడుకుపోయి ఉంది, రెండు నెలల కిందట పెట్టిన కొత్త వాల్వే అయినా. కారణం: పాత వాల్వు తీశాక లైను కడగకుండా కొత్తది తగిలించారు. కనెక్షన్ పైపు విప్పినప్పుడు దాని చివర బకెట్టులో పెట్టి, నీళ్లు వదిలి రెండు మూడు లీటర్లు పోనివ్వాలి. విప్పినప్పుడు కదిలిన తుక్కంతా ఆ బకెట్టులోకి పోవాలి, వాల్వులోకి కాదు. జల్లెడ కడగక ముందు 6 లీటర్లు నిండటానికి నాలుగున్నర నిమిషాలు పట్టేది, కడిగాక రెండుంపావు. అర బార్ ప్రెషర్ మీద నడిచే ఇళ్లలో ఈ తేడా గట్టిగానే తెలుస్తుంది.

కొత్త సీలు

సీలు దొరకడమే ఈ పనిలో ఆలస్యం. ఊళ్లోని శానిటరీ షాపుల్లో ఫిల్ వాల్వులు దొరుకుతాయి, మొత్తం ఫ్లష్ వాల్వు సెట్టూ దొరకొచ్చు, విడిగా సీలు అడిగితే "సెట్టే తీసుకోండి సార్" అంటారు. సెట్టు వేలల్లో, సీలు వందల్లో. ట్యాంకు లోపలి గోడ మీద అచ్చుపోసిన మోడల్ గుర్తు ఫోటో తీసి, పాత సీలు పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫోటో తీసి పంపితే బెంగళూరు నుంచి పార్శిల్ వచ్చింది. కంటితో చూసి "ఇదే సైజు" అని తెచ్చిన సీలు వ్యాసంలో 2 మి.మీ తేడా ఉన్నా, మందంలో అర మి.మీ తేడా ఉన్నా కారుతుంది. స్కేలు కంటే ఇంకా సూక్ష్మంగా కొలిచే వెర్నియరు మేలు.

పార్శిల్ వచ్చేదాకా మూడు రోజులు పాత సీలునే తిరగేసి పెట్టారు. రెండు వైపులా చదునుగా ఉండే బిళ్ల అయితే ఇది నడుస్తుంది, గాడి పడని వైపు సీటు మీదికి వస్తుంది. ఒకవైపు పెదవిలా అంచున్న సీలు అయితే తిప్పితే లీకు ఇంకా పెరుగుతుంది. ఎలాగైనా తాత్కాలికమే.

కొత్తది ఎక్కించేటప్పుడు అక్షరాలున్న వైపు పైకి ఉందో కిందికి ఉందో పాతదాని ఫోటోతో పోల్చుకోవాలి. సాగదీసి కాకుండా ఒక అంచు ముందు గాడిలో పెట్టి మిగతాది వేలితో తోస్తూ రావాలి. నీళ్లతో తడిపితే చాలు. జారుడు కావాలంటే సిలికాన్ గ్రీజు సన్నగా రాయవచ్చు. కొబ్బరినూనె, వాజ్‌లైన్, బండి గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి ఆకారం తప్పుతుంది. బుట్టను ట్యాంకులో దించి రెండు పక్కలా 'టిక్' అన్న శబ్దం వినాలి, ఒక పక్క క్లిప్పు పడకపోతే అడుగు రింగు దగ్గర కొత్త లీకు తయారవుతుంది. కనెక్షన్ పైపు నట్టులో రబ్బరు వాషరు ఉంటుంది, దానికి టెఫ్లాన్ టేపు చుట్టనక్కర్లేదు. చేత్తో బిగించి పానాతో పావు మలుపు, అంతే.

నీళ్లు నింపి, కాక్ కట్టి, గీత గీసి అరగంట చూశారు. మట్టం కదల్లేదు. ప్లేటు బిగించి పని ముగించారు.

మర్నాడు మళ్లీ తడి

పొద్దున కమోడ్‌లో కాగితం మళ్లీ తడిసింది. చాలా సన్నగా, ఐదు నిమిషాలకు గానీ చార దిగలేదు. ఇలాంటప్పుడు అందరూ కొత్త సీలునే అనుమానిస్తారు, దాన్ని తీసి ఇంకొకటి తెప్పిస్తారు. అలా చేయకుండా మళ్లీ కొలిచారు. ప్లేటు ఉండగా నీళ్లు కట్టేసి, అరగంట తర్వాత ప్లేటు తీసి చూస్తే మట్టం 3 మి.మీ దిగింది. నిమిషానికి 5 మి.లీ, రోజుకు 7 లీటర్ల లెక్క. ప్లేటు తీసి మళ్లీ అరగంట చూస్తే సున్నా. మళ్లీ పెడితే 3. సీలు మారలేదు, సీటు మారలేదు, మారేది ప్లేటు ఒక్కటే.

తప్పు రాడ్లది. బటన్ వెనక నుంచి రాడ్డు మీట దాకా వెళ్తుంది. బటన్ నొక్కనప్పుడు రాడ్డు కొనకూ బటన్ వెనక భాగానికీ మధ్య 2, 3 మి.మీ ఖాళీ ఉండాలి. రాడ్డు పొడుగైతే బటన్ దాన్ని ఎప్పుడూ కాస్త నొక్కే ఉంచుతుంది, మీట ఫ్లష్ వాల్వును వెంట్రుకవాసి ఎత్తే ఉంచుతుంది. రెండు నెలల కిందట పెట్టిన కొత్త ప్లేటు పాతదానికంటే గోడకు దగ్గరగా కూర్చునే రకం. రాడ్లు మాత్రం పాత ప్లేటు కొలతకే ఉండిపోయాయి. పెద్ద ఫ్లష్ రాడ్డుకు ఒక మి.మీ ఖాళీ మిగిలింది, చిన్న ఫ్లష్ రాడ్డుకు అసలు మిగల్లేదు. ఇంత సన్నటి ఎత్తుకు నీళ్లు ఫ్లష్‌లా పోవు, సీలు ఒక పక్క బరువు కోల్పోయి చెమ్మలా కారుతుంది.

దీన్ని మొదటి రోజే ఎందుకు పట్టుకోలేదంటే, కొలతలన్నీ ప్లేటు తీశాకే మొదలయ్యాయి. 40 మి.లీ లీకు ముందు 5 మి.లీ లీకు ఎలాగూ కనిపించదు, కానీ సీలు మార్చాక చేసిన ఆఖరి పరీక్ష అయినా ప్లేటు బిగించి చేసి ఉంటే అక్కడే దొరికేది. పద్ధతిలో లోపమే అది. ఆఖరి పరీక్ష ఎప్పుడూ వాడుకలో ఉండే స్థితిలో, ప్లేటు సహా చేయాలి.

సర్దడం ఐదు నిమిషాల పని. రాడ్లు మర తిరిగేవి. చిన్న ఫ్లష్ రాడ్డును లోపలికి అర మలుపు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ ప్లేటు పెట్టి చూస్తూ వచ్చారు. ఖాళీ ఎంతుందో చూడటానికి రాడ్డు కొన మీద గోధుమపిండి ముద్ద చిన్నది అంటించి, ప్లేటు పెట్టి, నొక్కకుండా తీస్తే ముద్ద ఎంత మందాన నలిగిందో అంతే ఖాళీ. మూడు మలుపులకు ముద్ద 2.5 మి.మీ దగ్గర నిలిచింది. పెద్ద రాడ్డుకు మలుపున్నర చాలింది. మరీ లోపలికి తిప్పితే ఇంకో జబ్బు వస్తుంది, బటన్ పూర్తిగా నొక్కినా వాల్వు పూర్తిగా లేవదు, సగం నీళ్లే దిగుతాయి. జనం రెండుసార్లు నొక్కుతారు, ఆదా అయిన నీళ్లు అలా పోతాయి. అందుకే సర్దాక రెండు బటన్లూ మూడేసి సార్లు నొక్కి, ప్రతిసారీ మట్టం ఎంత దిగిందో చూశారు: పెద్దది 6 లీటర్లకు, చిన్నది 3 లీటర్లకు కాస్త అటూ ఇటూ.

చివరి పరీక్ష రంగుతో. కేసరిలో వేసే రంగు చిటికెడు ట్యాంకులో కలిపి, ప్లేటు బిగించి, గంట పాటు ఎవరూ ఫ్లష్ చేయకుండా చూశారు. కమోడ్‌లో నీళ్లు తెల్లగానే ఉన్నాయి. పసుపు గానీ పొటాషియం పర్మాంగనేట్ గానీ వాడొద్దు, రెండూ మరకలు వదుల్తాయి. రాత్రంతా కాగితం పెట్టి ఉంచితే పొద్దున పొడిగానే ఉంది.

వాడిన సామాను: సీలు ఒకటి, నిమ్మ ఉప్పు 50 గ్రాములు, సిలికాన్ గ్రీజు చిటికెడు. యాంగిల్ కాక్ సగమే మూసుకుంటోందని తెలిసినా ఈసారి ముట్టుకోలేదు. బాత్‌రూం కాక్ పనిచేస్తున్నంతవరకు దాన్ని కదిలించి గోడలోని కీలును ప్రమాదంలో పెట్టడం దండగ. ఈ నీళ్లకు ఏడాదికొకసారి, ఎండాకాలం దాటగానే, బుట్ట తీసి నిమ్మ ఉప్పులో నానబెట్టి, జల్లెడ కడగాలని చెప్పారు. సీలు అప్పుడు వేలితో నొక్కి చూస్తే చాలు, మెత్తగా ఉంటే ఉంచేయవచ్చు.

ప్లేటు వెనక మార్కరు పెన్నుతో నాలుగు మాటలు రాసి బిగించారు: సీలు 63/32, మార్చిన తేదీ, రాడ్ల ఖాళీ 2.5, బాత్‌రూం కాక్ కట్టి తెరవాలి.